కెరటానికి ఎరుక లేదు

డిసెంబరులో జంగ్లీఘాట్‌లో సాయంత్రం 5 గంటలకే పొద్దు వాలిపోతుంది. దేశమంతటికీ ఒకటే గడియారం కాబట్టి, తూర్పున ఇంత దూరంలో ఉన్న అండమాన్‌లో చీకటి ముందే పడుతుంది. చేపల రేవులో మరబోట్లు ఒకదాని పక్కన ఒకటి కట్టేసి ఉన్నాయి. వలలు సర్దుతున్నవాళ్ల మాటలు వింటుంటే ఇది భీమిలో, కళింగపట్నమో అనిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. వాళ్లలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్ర తీరంలోనే ఉన్నాయి.

జెట్టీ మీద కూర్చున్న ఒక పెద్దాయన ఆకాశంలోకి చూపించి "అదిగో పిల్లలకోడి" అన్నాడు. కృత్తికా నక్షత్రాలకు మన జాలర్లు, రైతులు పెట్టుకున్న పేరు అది. ఆ వెలుగు అక్కడ బయలుదేరి సుమారు 440 ఏళ్లయిందని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అన్నేళ్ల కిందటి ఎలుగా? మరి ఆటికి మనం ఉన్నట్టు తెలుసా బాబూ?"

"తెలీదు తాతా."

"సముద్రానికీ తెలీదు. ఆ రోజు ఒచ్చినప్పుడు అది ఎవుల్నీ చూసి రాలేదు. ఒక్క మనిసికే అన్నీ తెలియాలి. ఎందుకంటావు?"

'ఆ రోజు' అంటే 2004 డిసెంబరు 26 అని ఇక్కడ ఎవరూ విడమరచి చెప్పరు. నేను భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చదివాను. పదేళ్లుగా సైన్స్ రాస్తున్నాను. అయినా ఆయన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే. ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. విశ్వం మన చైతన్యానికి ఒక పని అప్పగించిందనడానికి విజ్ఞానశాస్త్రంలో ఆధారం లేదు. అయితే మనిషి ఎరుక చేసే పని ఒకటుంది. మనకు తెలిసినంతలో ఆ పని ఈ స్థాయిలో మరెక్కడా జరగడం లేదు. అదేమిటో చెప్పడానికి జంగ్లీఘాట్ కంటే తగిన చోటు నాకు తోచలేదు.

మూడు మాటలు

ఈ విషయం మాట్లాడటానికి తెలుగులో కనీసం మూడు మాటలున్నాయి. ఆపరేషన్‌కు ముందు మత్తు ఇస్తే పోయేదీ, తర్వాత తిరిగి వచ్చేదీ స్పృహ. వేదాంత గ్రంథాల్లోనూ ఉద్యమాల కరపత్రాల్లోనూ కూడా కనిపించేది చైతన్యం. పల్లెల్లో వాడుకగా ఉన్నది ఎరుక.

ఎరుక అంటే తెలిసి ఉండటం. జరగబోయేది ముందే చెప్పడానికీ అదే మాట వాడతాం. 'ఎరుక చెబుతానమ్మా' అంటూ వీధుల్లో తిరిగే ఎరుకలసాని మనందరికీ తెలుసు. జోస్యాన్ని నేను నమ్మను. కానీ తెలుసుకోవడం, ముందుచూపు అనే రెండింటినీ మన భాష ఒకే మాటలో ఇమిడ్చిన తీరు ఆలోచించదగ్గది. ఈ ముడి గురించే ఇవాళ నాడీశాస్త్రంలో గట్టి చర్చ నడుస్తోంది.

అనిల్ సేఠ్, కార్ల్ ఫ్రిస్టన్ వంటి శాస్త్రవేత్తలు మెదడును అంచనాల యంత్రంగా చూస్తారు. కళ్లు, చెవులు పంపిన సమాచారాన్ని మెదడు ఊరికే అందుకోదు. తర్వాత ఏం రాబోతోందో ముందే ఊహించుకుంటుంది. వచ్చిన సమాచారంతో ఆ ఊహను సరిచూసుకుని దిద్దుకుంటుంది. చీకట్లో మెట్లు దిగుతున్నప్పుడు లేని మెట్టు మీద కాలు వేయబోయి తూలడం అందరికీ అనుభవమే. అక్కడ ఇంకో మెట్టు ఉందని మెదడు ముందుగానే అనుకుంది. ఆ అంచనా తప్పింది.

మనిషి మెదడు బరువు సుమారు 1.4 కిలోలు. అందులో 8,600 కోట్ల దాకా న్యూరాన్లున్నాయి. శరీరం బరువులో 2 శాతమే ఉన్నా, విశ్రాంతిలో మనం ఖర్చుచేసే శక్తిలో 20 శాతం దాకా దానికే పోతుంది. అంత శక్తి పోసి ప్రకృతి ఈ అవయవాన్ని నిలుపుకొందంటే దానివల్ల బతుకుకు ఏదో మేలు ఉండి తీరాలి. రాబోయేదాన్ని కాస్త ముందుగా పసిగట్టడం ఆ మేలులో పెద్ద భాగమని చాలామంది జీవశాస్త్రజ్ఞులు భావిస్తారు.

వలకు చిక్కని చేప

అయితే పెద్దాయన అడిగింది మెదడు గురించి కాదు, లోకం గురించి. 1,380 కోట్ల ఏళ్ల విశ్వంలో మనం కళ్లు తెరవడానికి ఏదైనా కారణం ఉందా?

ఉందని చెప్పేవాళ్లు భౌతికశాస్త్రం నుంచే ఒక వాదన తెస్తారు. గురుత్వ బలం, విద్యుదయస్కాంత బలం వంటి ప్రకృతి స్థిరాంకాలు కొన్ని ఇప్పుడున్న విలువల కంటే చెప్పుకోదగ్గంత అటూ ఇటూ అయి ఉంటే నక్షత్రాలు, కార్బన్, ప్రాణం ఉండేవి కావు. అంటే మన కోసమే విశ్వాన్ని ఇలా అమర్చినట్టు కదా అని వాళ్ల ప్రశ్న. 1973లో పోలండ్‌లోని క్రాకోలో కోపర్నికస్ 500వ జయంతి సందర్భంగా సమావేశం జరిగింది. బ్రాండన్ కార్టర్ అక్కడ ఈ విషయాన్ని చర్చకు పెట్టి, ఆంత్రోపిక్ సూత్రం అనే పేరు తెచ్చాడు. కానీ దాని మూల రూపం చాలా నిరాడంబరమైనది. పరిశీలకులు ఉండే వీలున్న విశ్వాన్నే పరిశీలకులు చూడగలరు. అంతే.

దీన్ని అర్థం చేసుకోవడానికి ఆర్థర్ ఎడింగ్టన్ 1939లో చెప్పిన వల ఉపమానం పనికొస్తుంది. ఒకాయన రెండంగుళాల కన్నుల వలతో సముద్రంలో చేపలు పట్టి, పడినవాటిని కొలిచి, రెండంగుళాల కంటే చిన్న జీవి సముద్రంలో లేదని తేల్చేస్తాడు. అతను తేల్చింది సముద్రం గురించి కాదు, తన వల గురించి. జంగ్లీఘాట్‌లో పదేళ్ల పిల్లాడు కూడా ఇందులో పొరపాటు పట్టేస్తాడు. విశ్వం మనకు అనువుగా ఉండటంలో ఆశ్చర్యపడవలసినవి ఉన్నాయి, నేను కాదనను. స్థిరాంకాలకు ఆ విలువలే ఎందుకున్నాయన్నది ఇంకా తెరిచి ఉన్న ప్రశ్న. కానీ అనువుగా ఉన్నది చూసి, మన కోసమే చేశారని అనడం వల కన్నును చూసి సముద్రాన్ని నిర్ణయించడమే.

చూస్తేనే లోకం ఉంటుందా?

రెండో వాదన క్వాంటం శాస్త్రం పేరుతో వస్తుంది. ఎవరో ఒకరు చూసేదాకా కణానికి స్థిరమైన స్థితి ఉండదట, కాబట్టి చైతన్యమే లోకాన్ని నిజం చేస్తుందట. ఇలాంటి వీడియోలు నాకు వారానికి రెండైనా వస్తాయి. వాటి చివర్లో ఏదో ఒక చికిత్సో, శిబిరమో అమ్మకానికి ఉంటుంది.

ఈ ఆలోచన పుట్టింది మాత్రం మామూలు మనుషుల దగ్గర కాదు. నోబెల్ గ్రహీత యూజీన్ విగ్నర్ 1961లో చైతన్యానికి కొలతలో పాత్ర ఉందని వాదించాడు. జాన్ వీలర్ విశ్వాన్ని ఇంగ్లిష్ 'యు' అక్షరంలా గీసి, ఒక కొమ్ము చివర కన్ను పెట్టి, ఆ కన్ను రెండో కొమ్మును, అంటే విశ్వం తన ఆదినే, వెనక్కి తిరిగి చూస్తున్నట్టు బొమ్మ వేశాడు. అందమైన బొమ్మ. చదువుకునే రోజుల్లో అది చూసి నేనూ రెండు రాత్రులు నిద్రపోలేదు.

కానీ ప్రయోగాలు మరో దారి చూపించాయి. 1970లో డీటర్ జే మొదలుపెట్టిన డీకోహెరెన్స్ ఆలోచన ప్రకారం, క్వాంటం స్థితి చెదరడానికి మనిషి కన్ను అక్కర్లేదు. చుట్టూ ఉన్న గాలి అణువులు, కాంతి కణాలు తగిలినా చాలు. వియన్నాలో ఆంటన్ జైలింగర్ బృందం 2004లో దీన్ని చక్కగా చూపించింది. 70 కార్బన్ పరమాణువులున్న పెద్ద అణువులను వేడిచేసి పంపారు. తక్కువ వేడి దగ్గర అవి తరంగాల్లా ప్రవర్తించి చారలు ఏర్పరిచాయి. వేడి పెంచేకొద్దీ అణువులు తమంతట తాము కాంతిని వెదజల్లాయి, చారలు చెరిగిపోయాయి. ఆ కాంతిని ఎవరైనా చూశారా లేదా అన్నదానితో పనిలేదు. 'పరిశీలన' అని పుస్తకాల్లో రాసినదానికి అర్థం అణువు పరిసరాలతో ముడిపడటం. విగ్నర్ కూడా తర్వాతి కాలంలో తన పాత వాదనను వదిలేశాడు.

కొలత సమస్య పూర్తిగా తీరిపోయిందని నేను చెప్పడం లేదు. దాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న వాదాలు నడుస్తూనే ఉన్నాయి. అయితే లోకం నిలవడానికి మన చూపు కావాలన్న మాటకు మాత్రం ప్రయోగశాల నుంచి బలం రాలేదు. మనం పుట్టకముందు కూడా పిల్లలకోడి వెలిగింది.

తెలియనిది ఎంత?

చైతన్యం గురించి సైన్స్‌కు అంతా తెలుసా అంటే, అదీ కాదు. మెదడులో జరిగే విద్యుత్, రసాయన మార్పుల నుంచి 'నాకు అనిపిస్తోంది' అనే అనుభవం ఎలా పుడుతుంది? దీన్ని 1990లలో తత్వవేత్త డేవిడ్ చామర్స్ కఠిన సమస్య అన్నాడు. 1998లో నాడీశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ కోచ్, చామర్స్ పందెం కట్టుకున్నారు. 25 ఏళ్లలో మెదడులో చైతన్యానికి స్పష్టమైన గుర్తులు పట్టేస్తామని కోచ్ అన్నాడు. 2023లో న్యూయార్క్‌లో అందరి ముందూ ఓటమి ఒప్పుకుని చామర్స్‌కు వైన్ సీసాలు ఇచ్చాడు. తర్వాత రెండు ప్రధాన సిద్ధాంతాలను ఎదురెదురుగా నిలబెట్టి పరీక్షించిన పెద్ద ప్రయోగ ఫలితాలు 2025లో 'నేచర్' పత్రికలో వచ్చాయి. రెండింటిలో ఏదీ పూర్తిగా గెలవలేదు.

ఈ ప్రశ్న మీద జీవితాంతం పనిచేసిన తెలుగువాడు కూడా ఒకరున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా, ఉపకులపతిగా పనిచేసిన కోనేరు రామకృష్ణారావు (1932-2021). మనసు వేరు, చైతన్యం వేరు అన్న భారతీయ దర్శనాల భేదాన్ని ఆధునిక మనస్తత్వశాస్త్రం పట్టించుకోవాలని ఆయన వాదించారు. విశాఖలో పరామనోవిజ్ఞానానికి విశ్వవిద్యాలయ స్థాయిలో చోటు కల్పించారు. మనసు మెదడును దాటి పనిచేస్తుందన్న ఆ రంగపు ఫలితాలను ప్రధాన స్రవంతి విజ్ఞానం ఒప్పుకోలేదు. ఎవరు చేసినా మళ్లీ అవే ఫలితాలు రావడం లేదన్నదే అందుకు కారణం. ఆ విషయంలో నేను ఆయనతో ఏకీభవించను. కానీ అనుభవాన్ని లెక్కలోంచి తీసేసి మనిషి గురించి మాట్లాడటం కుదరదన్న ఆయన పట్టుదల సరైనదే అనుకుంటాను.

మత్తుమందు కొన్ని మిల్లీగ్రాములు ఎక్కితే అనుభవం ఆగిపోతుంది. మెదడులో ఒకచోట రక్తనాళం పూడితే ఎదురుగా ఉన్న సొంత బిడ్డ ముఖం గుర్తుపట్టలేకపోవచ్చు. ఇన్నాళ్ల ఆధారాలను బట్టి చూస్తే, చైతన్యం మెదడు మీద ఆధారపడి ఉంది. ఎలా అన్నది తెలియదు. ఈ రెండు వాక్యాలనూ కలిపి పట్టుకోవడమే నిజాయితీ.

చేపకూ ఉండొచ్చు

పోనీ, ఎరుక మనిషి ఒక్కడిదేనా? జెట్టీ మీద గిలగిలలాడే చేపను చూసిన ఎవరికైనా అనుమానం వస్తుంది. 2024 ఏప్రిల్‌లో పలువురు శాస్త్రవేత్తలు, తత్వవేత్తలు న్యూయార్క్ ప్రకటన విడుదల చేశారు. పక్షులు, క్షీరదాల విషయంలో బలమైన ఆధారాలున్నాయని, చేపలతో సహా వెన్నెముక ఉన్న జీవులన్నింటికీ, ఆక్టోపస్, పీత వంటి కొన్ని ఇతర జీవులకూ చైతన్యానుభవం ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని అందులో రాశారు. అంతకుముందు 2019లో, క్లీనర్ రాస్ అనే చిన్న చేప అద్దంలో తన ఒంటి మీది మచ్చ చూసుకుని దాన్ని రుద్దుకోవడానికి ప్రయత్నించిందని ఒక పరిశోధన వచ్చింది. దాని అర్థమేమిటన్నదానిపై వాదం ఉంది. అలాంటి చేపలు అండమాన్ పగడపు దిబ్బల్లోనూ ఉన్నాయి.

కాబట్టి నొప్పి తెలియడం, వెలుగు తెలియడం మనకొక్కరికే దక్కిన వరం కాకపోవచ్చు. మరి మన ఎరుకలో ప్రత్యేకత ఏమిటి? నాకు అనిపించేది ఇది. నేను పడని బాధను, నేను చూడని కెరటాన్ని, ఇంకొకరి మాట వల్ల నాదిగా చేసుకోగలను. నేను పోయాక పుట్టే మనిషికి కూడా దాన్ని అందించగలను. ఈ గుణం ఇతర జీవుల్లో ఛాయామాత్రంగా ఉండొచ్చు. మనిషిలో అది జీవితానికే ఆధారం. దాని విలువ ఎంతో 2004 చూపించింది.

ఆ ఉదయం

2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం 6.29 ప్రాంతంలో సుమత్రా తీరానికి దగ్గరలో సముద్రం అడుగున భూమి కదిలింది. తీవ్రత 9.1. చీలిక అక్కడితో ఆగలేదు. సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున ఉత్తరానికి, అండమాన్ కిందిదాకా సాగింది. ఉత్తర అండమాన్ తీరాలు పైకి లేచాయి. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) చుట్టుపక్కల నేల సుమారు ఒక మీటరు కుంగింది. దగ్గర్లోని సిప్పీఘాట్‌లో పొలాల్లోకి వచ్చిన సముద్రపు నీరు తిరిగి పోలేదు. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొన ఇందిరా పాయింట్ 4 మీటర్లకు పైగా దిగిపోయింది. లోతైన సముద్రంలో గంటకు 700 కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తిన కెరటాలు గంటలోపే ఈ దీవులను, రెండు మూడు గంటల్లో మన తూర్పు తీరాన్ని తాకాయి. మొత్తం 14 దేశాల్లో 2 లక్షల 25 వేల మందికి పైగా చనిపోయారు.

భూకంపం వచ్చిన సంగతి యంత్రాలకు తెలుసు. ప్రపంచంలోని భూకంప మాపకాలన్నీ నిమిషాల్లో గీతలు గీశాయి. హవాయిలోని పసిఫిక్ సునామీ కేంద్రం కూడా గుర్తించింది. కానీ హిందూ మహాసముద్రానికి అప్పట్లో హెచ్చరిక వ్యవస్థ లేదు. ఆ గీతను చూసిన మనిషికీ, ఒడ్డున నిలబడిన మనిషికీ మధ్య దారి లేదు. చెన్నై, నాగపట్నం, కృష్ణా తీరాల్లో జనానికి రెండు గంటలకు పైగా సమయం ఉన్నా, ఆ సమయం ఉన్నట్టు వాళ్లకు చెప్పేవాళ్లు లేకపోయారు.

అదే రోజు ఇంకోచోట వేరేలా జరిగింది. భూకంప కేంద్రానికి బాగా దగ్గరున్న ఇండోనేసియా దీవి సిమెలూకు కెరటం పది నిమిషాల్లోపే చేరింది. అక్కడ యంత్రాలు లేవు, సైరన్లు లేవు. 1907లో వచ్చిన సునామీ జ్ఞాపకాన్ని వాళ్లు 'స్మాంగ్' అనే ఒక్క మాటలో దాచుకున్నారు. భూమి గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోతే కొండకు పరుగెత్తండి అని తాతలు మనవలకు కథగా, జోలపాటగా చెబుతూ వచ్చారు. సుమారు 78,000 మంది ఉన్న ఆ దీవిలో చనిపోయినవాళ్లు 7గురు. 1907 కెరటాన్ని చూసినవాళ్లు 2004లో దాదాపు ఎవరూ లేరు. వాళ్లను బతికించింది ఇంకొకరి కళ్లు చూసిన కెరటం.

మన లిటిల్ అండమాన్‌లో ఒంగేలు కూడా సముద్రం తీరు చూసి ఎత్తయిన చోటికి వెళ్లి బతికారు. థాయ్‌లాండ్ తీరంలో టిల్లీ స్మిత్ అనే పదేళ్ల ఇంగ్లండ్ బాలిక, రెండు వారాల ముందు భూగోళ పాఠంలో విన్నది గుర్తొచ్చి అరిచి చెప్పడంతో ఆ ఒడ్డున ఉన్నవాళ్లంతా బయటపడ్డారు. జోలపాట, పెద్దల మాట, బడి పాఠం. మూడింటిలోనూ జరిగిన పని ఒకటే. ఒకరి ఎరుక ఇంకొకరి ఎరుకగా మారింది.

తెగిపోయే దారం

ఈ దారం తెగిపోతుందని కూడా అండమానే చెబుతుంది. 2010 జనవరిలో బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూసింది. వయసు సుమారు 85. గ్రేట్ అండమానీస్ తెగలకు చెందిన 'బో' భాష మాట్లాడే చివరి మనిషి ఆమె. భాషాశాస్త్రజ్ఞురాలు అన్వితా అబ్బి ఆమె మాటలను రికార్డు చేశారు. చివరి సంవత్సరాల్లో తన భాషలో మాట్లాడటానికి ఆమెకు తోడు ఎవరూ లేరు. బోవా సునామీని చూసింది, బతికింది.

ఒక భాష పోతే నిఘంటువు ఒక్కటే పోదు. ఏ చేప ఏ పాటుకు ఒడ్డుకు వస్తుంది, ఏ గాలి దేనికి గుర్తు, నేల ఊగితే ఏం చేయాలి అన్న వేల ఏళ్ల ఎరుక దానితో పోతుంది. విశ్వానికి ఆ నష్టం తెలియదు. అది నష్టమని తెలిసేది మనకే. అందుకే కాపాడుకోవలసిన బాధ్యత కూడా మనదే.

హైదరాబాద్ నుంచి రేవు దాకా

2004 తర్వాత మన దేశం ఆ దారాన్ని కొత్తగా పేనింది. 2007 అక్టోబరులో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రంలో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. భూకంప మాపకాలు, సముద్రగర్భంలో నీటి ఒత్తిడిని కొలిచే సాధనాలు, తీరంలో నీటిమట్టాన్ని కొలిచే పరికరాలు పంపే సమాచారం సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ నగరానికి చేరుతుంది. ఇదే సంస్థ చేపలు ఎక్కడ దొరకవచ్చో ఉపగ్రహాల సాయంతో అంచనా వేసి జాలర్లకు తెలుగుతో సహా తీర భాషల్లో చెబుతుంది. 2012 ఏప్రిల్ 11న సుమత్రాకు పశ్చిమాన 8.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు నిమిషాల్లోనే హెచ్చరికలు వెళ్లాయి. అదృష్టవశాత్తు ఆ రోజు ఫలకాలు పక్కపక్కకు జరిగాయి కాబట్టి పెద్ద కెరటం రాలేదు.

నాకు ఇంకా ఇష్టమైన ఉదాహరణ ఒడిశాది. 2020లో అక్కడి వెంకటరాయపూర్, నోలియాసాహి అనే రెండు ఊళ్లను యునెస్కో సంస్థ 'సునామీకి సిద్ధంగా ఉన్న' ఊళ్లుగా గుర్తించింది. మన దేశంలో అవే మొదటివి. 2024లో ఒడిశాలోనే మరో 24 ఊళ్లు చేరాయి. ఒడిశా తీరంలో తెలుగు మూలాలున్న జాలర్లను నోలియాలు అంటారు. రెండో ఊరి పేరు వాళ్లదే. ఈ గుర్తింపు రావాలంటే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో పటం గీయాలి, ఎటు పరుగెత్తాలో దారులు గుర్తుపెట్టాలి, ఊరంతా కలిసి అభ్యాసం చేయాలి. అంటే సిమెలూ అవ్వలు పాటతో చేసిన పనే ఇది, పటాలతో చేస్తున్నారు.

ఒక అభ్యంతరం

చైతన్యం లాంటి గంభీరమైన విషయాన్ని సునామీ అభ్యాసం దాకా దించేశావేమిటని ఎవరైనా అడగవచ్చు. బతకడానికే అయితే చీమకూ ఆ తెలివి ఉంది కదా అనవచ్చు.

నా జవాబు ఇది. చీమ తన పుట్ట కోసం పనిచేస్తుంది. సిమెలూలో 1910లో పాట పాడిన అవ్వ ఎవరి కోసం పాడింది? తాను ఎన్నడూ చూడబోని మనుషుల కోసం, తనకు ఏమీ కాని విపత్తు గురించి పాడింది. ఇంకా జరగని, తనకు జరగని బాధను ఈరోజే అనుభవించి, దానికి ఏదో ఒకటి చేయడం. రాళ్లు, కెరటాలు, నక్షత్రాలతో నిండిన విశ్వంలో అది చిన్న సంగతి అనుకోను. 'ప్రయోజనం' అనే మాటకు అర్థం ఉన్నదే ఇలాంటి చోట. ప్రయోజనం విశ్వం మనకు ఇచ్చినది కాదు, మనం ఒకరికొకరం ఇచ్చుకునేది.

ఇలా చూడకపోతే రెండు ప్రమాదాలున్నాయి. విశ్వమే మన కోసం ఉందనుకుంటే, అదే మనల్ని చూసుకుంటుందన్న ధీమా వస్తుంది. మనం రసాయనాల యాదృచ్ఛిక ఫలితం మాత్రమే, అంతకు మించి ఏమీ లేదనుకుంటే, ఎవరికేమైతే ఏమిటన్న నిర్లిప్తత వస్తుంది. రెండూ చివరకు ఒకే పని చేస్తాయి. సమయం ఉండగా నోరు విప్పనివ్వవు.

తెలిసినంత మాత్రాన సరిపోదన్నది కూడా నిజమే. ఇందిరా పాయింట్ కుంగిన సంగతి మనకు తెలుసు. అదే గ్రేట్ నికోబార్‌లో పెద్ద ఓడరేవు కట్టే ప్రణాళిక మీద వాదనలు జరుగుతున్నప్పుడు, ఆ నాలుగు మీటర్లు చర్చలో ముందు వరుసలో కూర్చోవాలి. సముద్రమట్టం పెరుగుతోందని తెలుసు. తీరం వెంబడి ఎక్కడ ఇల్లు కట్టనివ్వాలన్నప్పుడు ఆ లెక్క గుర్తురావాలి. ఎరుక ఉండీ పట్టించుకోకపోతే మనకూ కెరటానికీ తేడా ఏముంది?

మళ్లీ రేవులో

పెద్దాయన మనవడు వల మోసుకుంటూ వచ్చాడు. సునామీ తర్వాత పుట్టినవాడు. ఆ ఉదయం అతనికి కథే. నేల ఊగితే ఏం చేస్తావని అడిగాను. బోటు వైపు చూడకుండా పైన రోడ్డు ఎక్కే దారి చూపించాడు.

"ఎవరు చెప్పారు?"

"తాతే. ఇంకెవులు?"

పెద్దాయన ఏమీ అనలేదు, బీడీ వెలిగించుకున్నాడు. తన ప్రశ్నకు జవాబు ఆయన చాలా ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. ఆ మాటే ఆయనతో అన్నాను. నవ్వి, "అదేటి బాబూ, పిల్లలకి సెప్పకపోతే ఎలా?" అన్నాడు.